తగ్గిన ఆయిల్ ఎక్కడికి పోయింది?

బానెట్ ఎత్తినప్పుడు మనలో చాలామంది ఇంజన్ ఆయిల్ చూస్తారు, కూలెంట్ చూస్తారు, వైపర్ నీళ్లు నింపుతారు. ఓ మూలన చిన్న డబ్బాలో ఉండే పవర్ స్టీరింగ్ ఆయిల్ జోలికి మాత్రం పోరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ ఆయిల్ ఏళ్ల తరబడి ఏమీ అడగదు. అందుకే దాన్ని మనమే అడిగి చూడాలని నా పట్టుదల.

ఇప్పుడొచ్చే కార్లలో చాలావాటికి ఈ డబ్బానే ఉండదు. 1988లో సుజుకి సెర్వోతో వచ్చిన ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఆ అవసరం తీర్చేసింది. కానీ మన రోడ్ల మీద పెళ్లివాళ్లనీ, తిరుపతి యాత్రికులనీ మోస్తున్న పాత ఇన్నోవాలు, స్కార్పియోలు, బొలెరోలు ఇంకా ఆయిల్ బలంతోనే మలుపు తిరుగుతున్నాయి. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లో ఈ ఏర్పాటును కారుకు బిగించి చూపించాడు. అమ్మకానికొచ్చిన కారులో అది కనిపించడానికి 1951 దాకా, క్రైస్లర్ ఇంపీరియల్ దాకా ఆగాల్సి వచ్చింది. అసలు సూత్రం నేటికీ అదే. ఇంజన్ బెల్టుతో పంపు తిరుగుతుంది, పంపు ఆయిల్‌ను ఒత్తిడితో స్టీరింగ్ ర్యాక్‌లోకి నెడుతుంది, ఆ ఒత్తిడే మన చేతికి సాయం చేస్తుంది.

ఆ ఒత్తిడి తక్కువేం కాదు. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి పట్టుకుంటే చదరపు అంగుళానికి 1000 పౌండ్లు దాటుతుంది. మన టైర్లలో ఉండే గాలి ముప్ఫై చిల్లర పౌండ్లే. ఇరుకు సందులో బండి తిప్పేటప్పుడు స్టీరింగ్‌ను అలా చివరిదాకా బిగపట్టి ఉంచితే ఆయిల్ బాగా వేడెక్కిపోతుంది, సీళ్లు గట్టిపడతాయి. చివరిదాకా తిప్పాక వెంటనే కాస్త వదలడం మంచి అలవాటు.

తెల్ల టిష్యూ మీద రెండు చుక్కలు వేస్తే ఆయిల్ తన సంగతి తానే చెబుతుంది. చాలా బండ్లలో వాడే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) కొత్తప్పుడు ఎర్రగా, తేటగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగితే పాతబడినట్టు. నల్లబడి మాడు వాసన వేస్తే మార్చక తప్పదు. నురగ కనబడితే ఎక్కడో గాలి చొరబడుతోంది. తిప్పినప్పుడల్లా వచ్చే మూలుగు కూడా ఆ గాలిదే, లేదంటే ఆయిల్ చాలకపోవడమే.

ఏది దొరికితే అది పోయకూడదు. కొన్ని కంపెనీల బండ్లకు ఏటీఎఫ్ పడదు, వాటి ఆయిల్ వేరు. మూత మీదో మాన్యువల్‌లోనో రాసి ఉన్నదే పోయాలి. పొరపాటున బ్రేక్ ఆయిల్ పడిందా, రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం పాడవుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి నోట విన్నాను. నెలనెలా ఆయిల్ పోయించుకునే డ్రైవరుతో ఆయన, "ఇంజన్ ఆయిలంటే కాలుద్ది, డీజిలంటే మండుద్ది. ఇదెందుకు తగ్గుద్దిరా? కారితేనే తగ్గుద్ది" అన్నాడు. అని ఊరుకోలేదు. బండి కిందికి దూరి, ర్యాక్ చివర మడతల రబ్బరు తొడుగుకున్న క్లిప్పు వదులు చేశాడు. లోపల పోగైన ఆయిల్ ధారగా కారింది. బయట నేల మీద ఒక్క చుక్క కూడా పడనందున అన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

ఆయన చూపించింది నాకు పద్ధతైంది. తగ్గిన ఆయిల్ పోయడం సగం పనే. అది పోయిన దారి పట్టుకోవడమే అసలు మరమ్మతు. హోస్ పైపు అతుకులు, పంపు సీలు, ఆ రబ్బరు తొడుగులు, ఈ మూడు చోట్లా చెయ్యి పెట్టి తడి చూడాలి. కారిన ఆయిల్ వేడి సైలెన్సర్ గొట్టం మీద పడితే నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. అదాటున స్టీరింగ్ బరువెక్కితే ఘాట్ రోడ్డు మలుపులో ఎంత కష్టమో డ్రైవర్లకు చెప్పనక్కర్లేదు.

వీలు చూసుకుని ఒకసారి బానెట్ ఎత్తండి. ఆయిల్ తగ్గి ఉంటే గీత దాకా పోసి, ఆ రోజు తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టుకోండి. నెల తిరక్కుండా మళ్లీ తగ్గితే ఇంకో డబ్బా కొనకండి. బండిని షెడ్డుకు తోలి, "పోయొద్దు, ఎక్కడ కారుతోందో చూడు" అని చెప్పండి. సీలు దగ్గర తేలిపోయే ఖర్చు ర్యాక్ దాకా పాకకుండా ఉంటుంది.