బ్రేకుల వైపు నుంచి చూస్తే

స్పోర్ట్స్ సెడాన్లను పోల్చి రాసేవాళ్లు ముందు పట్టుకునేది పికప్‌నే. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంది అన్న అంకె పట్టికలో మొదటి గడిలో ఉంటుంది, మిగతావన్నీ దాని కింద సర్దుకుంటాయి. ఈ పద్ధతి సరైంది కాదని నా అభిప్రాయం. వందల హార్స్‌పవర్ ఉన్న కార్లను పోల్చాలంటే లెక్క బ్రేకుల దగ్గర మొదలుపెట్టాలి. ఒక్కసారి ఆపి చూస్తే చాలదు. వరుసగా పదిసార్లు గట్టిగా ఆపి, పదోసారి కూడా మొదటిసారి ఆగినంత దూరంలోనే ఆగిందా అని చూడాలి. పికప్ సంగతి ఆ తర్వాత.

ఒకప్పుడు ఆ మొదటి అంకెకు నిజంగానే విలువ ఉండేది. 1985లో వచ్చిన బీఎండబ్ల్యూ తొలి ఎం5కు 286 హార్స్‌పవర్‌తో వంద అందుకోవడానికి 6.5 సెకన్లు పట్టేది. నాలుగు తలుపుల కారు అంత వేగంగా పోవడమే అప్పట్లో వింత. 1990లో 377 హార్స్‌పవర్‌తో లోటస్ కార్ల్‌టన్ వచ్చినప్పుడైతే, మామూలు రోడ్ల మీద ఇంత వేగం ఎందుకు, దీన్ని నిషేధించండి అని బ్రిటన్ పత్రికలు గొడవ చేశాయి. ఇప్పుడు చూడండి. 2025లో మన దేశానికి వంద కార్లే వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 265 హార్స్‌పవర్‌తో 6.4 సెకన్లలో వంద అందుకుంటుంది. అంటే ఇంటిల్లిపాదీ సామాన్లతో ఎక్కే కారు తొలి ఎం5ను దాటేసింది. బీవైడీ సీల్ విద్యుత్ కారులో 530 హార్స్‌పవర్ రకం 2024లో 53 లక్షలకు వచ్చింది, దానికి 3.8 సెకన్లు. అదే ఏడాది 1.95 కోట్లకు వచ్చిన మెర్సిడెస్ ఏఎంజీ సీ63కు 680 హార్స్‌పవర్‌తో 3.4 సెకన్లు. మధ్యలో కోటీ నలభై రెండు లక్షల తేడా ఉంటే, మన పట్టిక చూపించే తేడా సెకనులో పదో వంతులు నాలుగు. ఆ డబ్బు ఏ పనితనానికి పోయిందో ఈ అంకెను చూసి ఎవరూ చెప్పలేరు.

పైగా ఆ అంకె పుట్టే తీరులోనే చిక్కులున్నాయి. అమెరికా లెక్కల్లో చాలాచోట్ల కారు మొదటి అడుగు దూరం కదిలాకే గడియారం నొక్కుతారు. ఆ ఒక్క అడుగు వల్ల పావు సెకను దాకా కలిసొస్తుంది. జర్మన్ కంపెనీల అంకె పక్కన దాన్ని పెట్టి ఇది గెలిచింది, అది ఓడింది అనడం అన్యాయం. ఇక ఇంధనం. యూరప్‌లో ఈ ఇంజన్ల బలాన్ని సాధారణంగా 98 ఆక్టేన్ పెట్రోలుతో చెబుతారు. మన దగ్గర ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ పెట్రోలు తెచ్చినా అది అన్ని బంకుల్లోనూ దొరకదు. తక్కువ ఆక్టేన్ పోస్తే, లోపల నాకింగ్ రాకుండా ఇంజన్ కంప్యూటరే ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది, ఆ మేరకు బలం తగ్గుతుంది. 15 డిగ్రీల దగ్గర ఉండే గాలి సాంద్రత 40 డిగ్రీలకు దాదాపు 8 శాతం పడిపోతుంది. టర్బో కొంత సర్దుకుంటుంది గానీ పూర్తిగా కాదు. మే నెలలో హైదరాబాద్ ఎల్‌బీ నగర్‌లో బయల్దేరే కారు, బ్రోషర్‌లో ఉన్న కారూ ఒకటే అనుకోవడం కష్టం.

కొత్త ఎం5 కథ ఈ మొత్తం వాదనకు మంచి సాక్ష్యం. దీనికి ముందున్న ఎం5 కాంపిటీషన్‌కు 625 హార్స్‌పవర్, 3.3 సెకన్లు. 2024 నాటి ప్లగిన్ హైబ్రిడ్‌కు 727 హార్స్‌పవర్, 3.5 సెకన్లు. వంద హార్స్‌పవర్ పెరిగినా పికప్ తగ్గింది, ఎందుకంటే బ్యాటరీ, మోటారు కలిసి బరువును 2,400 కిలోలు దాటించాయి. పాతది 1,900 కిలోల దరిదాపుల్లో ఉండేది. ఈ బరువు పికప్‌లో రెండు పదో వంతుల నష్టంగా కనిపించి పోతుంది. బ్రేకుల మీద దాని భారం అంతకంటే చాలా ఎక్కువ. 2,400 కిలోల బండి 120 వేగంతో పోతుండగా గట్టిగా బ్రేకు తొక్కితే, ఆ మొదటి క్షణంలో డిస్కులు మింగాల్సిన శక్తి వెయ్యి హార్స్‌పవర్ దాటుతుంది. ఇంజన్, మోటారు కలిపి ఇచ్చే దానికంటే బ్రేకులు చేసే పని ఎక్కువన్నమాట. ఆ పని గురించి పట్టికలో చివరి గడిలో ఒక్క అంకె రాసి వదిలేస్తున్నాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఆ కార్లకు వెనక చక్రాల దగ్గర హైడ్రాలిక్ బ్రేకులే లేవు. మోటార్లే బండిని ఆపుతూ, ఆపినప్పుడు వచ్చిన కరెంటును మళ్లీ బ్యాటరీలోకి పంపేవి. రెండో స్థానంలో ఉన్న నిక్ కాసిడీని చివరిదాకా వెనకే నిలిపి జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అక్కడ ఆపడం కూడా గెలుపులో భాగమే.

ఇప్పుడు మన రోడ్డు. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి దిల్‌సుఖ్‌నగర్ మధ్య నుంచి, మెట్రో కిందుగా ఎల్‌బీ నగర్ కూడలికి చేరుతుంది. గంటకు 60తో పోతున్నప్పుడు పిల్లర్ చాటు నుంచి మనిషి రోడ్డు మీదకొస్తే, కాలు బ్రేకు మీదకు వెళ్లే ఒక సెకనులోనే 17 మీటర్లు పోతాం, మంచి టైర్లున్నా ఆగడానికి మరో 14 కావాలి. వేగం వంద అయితే రెండూ కలిపి 67 మీటర్లు. వంద అందుకోవడంలో ఆదా అయిన అర సెకను ఈ లెక్కలో ఎక్కడా పనికిరాదు. బ్రేకు పెడల్ మొదటి అంగుళంలో ఎలా స్పందిస్తుందన్నది మాత్రం అడుగడుగునా పనికొస్తుంది. హైబ్రిడ్లలో మోటారు ఆపడం, డిస్కు ఆపడం ఒకే పెడల్‌లో కలుస్తాయి. ఆ కలయిక కుదరకపోతే బస్సు వెనక నత్తనడకన పోయేటప్పుడు బండి ప్రతిసారీ కుదుపుతుంది. కోట్ల కారును పోల్చేటప్పుడు ఈ కుదుపు గురించి ఒక పేరా రాయడం నామోషీ ఏమీ కాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఏబీఎస్, మంచి టైర్లు ఉన్న ఈ స్థాయి కార్లన్నీ వంద నుంచి ఇంచుమించు ఒకే దూరంలో ఆగుతాయి, ఇక పోల్చడానికేముంది అంటారు. మొదటిసారి ఆపినప్పుడు అది నిజమే, ఎందుకంటే అక్కడ హద్దు పెట్టేది టైరు పట్టు. అయిదోసారి, ఆరోసారి హద్దు పెట్టేది వేడి. ప్యాడ్లు పట్టు వదులుతాయి, ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడుతుంది. డాట్ 4 బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. ఖరీదైన కారుకూ చవక కారుకూ తేడా బయటపడేది ఇక్కడే. అందుకే పదిసార్లు అంటున్నాను. రెండో అభ్యంతరం కొనేవాళ్ల వైపు నుంచి వస్తుంది: మేం ఈ కారు కొనేది ఉత్సాహం కోసం, ఆగడం కోసం కాదు. ఆ ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను. కానీ పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కినా 2023 నుంచి అనుమతి 120 వరకే. అక్కడ సాయపడేది నిలబడ్డ చోటి నుంచి దూకడం కాదు, 80 నుంచి 120కి తడబాటు లేకుండా చేరడం. పట్టికలో పికప్‌కు చోటివ్వాలంటే ఈ అంకె ఇవ్వండి. అంతకు మించిన వేగాన్ని కొలవాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, పీతంపూర్‌లో నాట్రాక్స్ ఉంది. కొలత అక్కడ జరగాలి.

ఇదే పోలికను సెకండ్ హ్యాండ్ కార్లకు తెస్తే సంగతి ఇంకా తేలిక. కొన్నేళ్లు తిరిగిన బీఎండబ్ల్యూ ఎం340ఐ, పాత తరం ఆక్టేవియా ఆర్‌ఎస్ పక్కపక్కన ఉన్నాయనుకుందాం. ఫ్యాక్టరీ చెప్పిన 4.4 సెకన్లు, 6.6 సెకన్లు అన్న అంకెలు అప్పటికి చరిత్ర. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది: మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. దాన్ని చదివి, బ్రేకు ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో సర్వీసు పుస్తకంలో చూసి, డిస్కు అంచున వేలితో రాసి గట్టు ఎంత లేచిందో గమనిస్తే, ఆ రెండింటిలో ఏది వేగమైన కారో అక్కడికక్కడే సగం తెలుస్తుంది.