ప్రభ వెనక చేతులు

శివరాత్రి దగ్గరపడిందంటే కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్లకు రెండో పని మొదలవుతుంది. పగలంతా మిరపకోతల్లో నడుం వంచినవాళ్లే పొద్దుగూకాక ప్రభ కట్టడానికి చేరతారు. కర్రలతో ఎత్తుగా కట్టి, అలంకరించి తిరునాళ్లకు ఊరేగించే చట్రమే ప్రభ. అలసట మాట ఎవరూ ఎత్తరు. కొండ మీది త్రికోటేశ్వరుడి తిరునాళ్లకు కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి కదిలే ప్రభల్లో 80 అడుగులు దాటేవీ ఉంటాయి.

నాకు ముచ్చటేసేది ముడి వేసే పని. రెండు కర్రలు కలిసేచోట తాడు అడ్డంగా చుట్టి, కాలు తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగుతారు. బిగిసిందో లేదో అరచేత్తో చరిచి, ఆ చప్పుడు విని చెప్పేస్తాడు అనుభవమున్న పెద్దాయన. కాస్త వదులనిపిస్తే "విప్పరా అబ్బాయ్, మళ్లీ కట్టు" అంటాడు. కుర్రాడు విసుక్కోడు, మళ్లీ కడతాడు. దారిలో గతుకులొచ్చినా ప్రభ ఒరగకుండా నిలబెట్టేది ఆ ముళ్లూ, చుట్టూ మోకులు పట్టుకు నడిచే మనుషులే.

ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లొచ్చాయి. రంగురంగుల బల్బులు, జనరేటర్లూ వచ్చాయి. పనిలోని సంబరం మాత్రం తగ్గలేదు. మన ప్రభ పక్కూరి ప్రభకు తీసిపోకూడదన్న పంతం కూడా అందులో భాగమే, అది మంచి పంతం.

ఈసారి తిరునాళ్లకు వెళితే ప్రభను ముందు నుంచే చూసి వచ్చేయకండి. వెనక్కి వెళ్లి ఆ కట్లు చూడండి, కట్టినవాళ్లను పలకరించండి.