వృత్తికల్పనము – కొల్లేటి దోనెకాఁడు

పాచికలు వైచి కథ నల్లుకొను నాటలలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడ 1974లో అమెరికాయందు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురి కృతిగా వెలువడినది. ఇందొకఁడు సూత్రధారుఁడై లోకమును గల్పించును. తక్కినవారు తలకొక పాత్రను ధరించి యా లోకమున సంచరింతురు. పాత్ర యేమి చేయఁగలదో, యేమి చేయఁజాలదో నిర్ణయించునది 'క్లాసు'. మొదటి గ్రంథమున నివి మూఁడే: యోధుఁడు, మాంత్రికుఁడు, పురోహితుఁడు. మఱుసటి యేఁటనే చోరుఁడు చేరెను, వనచరుఁడును జేరెను. 2024లో వచ్చిన గ్రంథమున నవి 12. ఒక్కొక్కదానికి విశేషశాఖలు నాలుగేసి. వెరసి శాఖలు 48.

ఈ సంఖ్యను జూచినతోడనే మన యాలంకారికుల నాయకభేదములు స్మరణకు వచ్చును. ధీరోదాత్తాదులు నలువురు, అనుకూలాదిభేదములు నాలుగు, ఉత్తమాదిభేదములు మూఁడు. గుణింపఁగా నాయకులు 48 మంది. నాయికలు 384 మంది యని సాహిత్యదర్పణకారుని లెక్క. సంఖ్యాసామ్యము కాకతాళీయమే. అయినను రెండుచోట్లను నొకటే చిక్కు కలదు. గుణకారమువలన భేదములు పుట్టునుగాని పాత్రలు పుట్టవు. ప్రతాపరుద్రీయము నొరవడిగాఁ గొని నరసభూపాలీయమును రచించిన భట్టుమూర్తియే వసుచరిత్రమును రచించెను. గిరికను జదువువాఁ డామె యెన్నవ నాయికయో లెక్కింపఁడు గదా! క్రొత్త శాఖను గల్పింపఁబూనినవాఁడు మొదట నడుగవలసినది “పట్టికలో నే గడి ఖాళీగా నున్నది?” అని కాదు, “ఈ పాత్రను ధరించినవాఁ డితరులు చేయనక్కఱలేని యే నిర్ణయమును జేయవలసివచ్చును?” అని.

క్లాసు అను మాటకుఁ దెలుఁగేమి? వర్గమనిన లెక్కలపుస్తకము వాసన కొట్టును. నేను వృత్తి యనుచున్నాను. కాని వృత్తి యనుటలో నొక యపాయము కలదు. మన దేశమున వృత్తి యనఁగనే దాని వెనుకఁ గులము వచ్చి నిలుచును. పాశ్చాత్యుల గ్రంథములును దీనికి దూరములు గావు. 1981లో మోల్డ్‌వే సంస్కరించిన ప్రారంభగ్రంథమున మనుష్యుఁడు యోధుఁడు కావచ్చును, చోరుఁడు కావచ్చును; మరుగుజ్జుజాతివాఁడు మాత్రము మరుగుజ్జే. వానికిఁ బుట్టుకయే వృత్తి. 2024 గ్రంథమున 'రేస్' అను మాటను దీసివైచి 'స్పీషీస్' అని మార్చిరి. వారు మార్చుటకుఁ గారణములు వారివి. ఆ మాటలోని యిఱుకు మనకు మఱియొక దారిని దెలిసినదే.

ఇంత తెలిసియు నేను మొదట వ్రాసికొన్న ముసాయిదా యా తప్పుతోడనే యుండినది. దానిని దాఁచక చెప్పెదను. మా తాడేపల్లిగూడెమునకుఁ గొల్లేరు దూరము గాదు. బుడమేఱు, తమ్మిలేఱు మొదలగు వాఁకలు వచ్చి పడు నా మంచినీటి సరస్సు, ఉప్పుటేటిమీఁదుగా సముద్రమును గలసికొను తీరు, తాటిదోనెలు, గూడబాతులు, వీనిని విడిచి మంచుదేశపు కోటలలోఁ గథ నడుపనేల యని తోఁచినది. వంగదేశపు నదీభూములను దలఁపించు మణివర్ష కథను 2022లో మిమీ మండల్ ఈ క్రీడకు వ్రాసియిచ్చినది గదా! కావున వనచరునికి 'కొల్లేటి దోనెకాఁడు' అను శాఖను గల్పించితిని. వాఁడు నీటిపైఁ ద్రోవ తప్పఁడు. వాని దోనె మునుఁగదు. చేఁప లెచ్చటనున్నవో వానికిఁ దెలియును. నీట మునిఁగి గడియసే పుండఁగలఁడు.

ఇందు రెండు దోషములు కలవు. ఒకటి క్రీడకు సంబంధించినది. 2014 గ్రంథమున వనచరునికిఁ దనకు నచ్చిన భూమియందు దారి తప్పకుండుట యను శక్తి నిచ్చిరి. మాయచేఁ దక్క వాని తోడివారును దప్పరు. ఫలమేమి? కథ యా భూమిని విడిచినచో శక్తి నిరుపయోగము. ఆ భూమియందే నడచినచో నడవి యడవిగానే యుండదు, దాని భయము ముందే తీఱిపోవును. నా దోనెకాఁడును నట్టివాఁడే. కొల్లేటిని జూపవలెనని పుట్టించిన పాత్ర కొల్లేటినే యాటనుండి తొలఁగించినది.

రెండవ దోషమును నేను గనిపెట్టలేదు. ముసాయిదాను జదివి వినిపించుచుండఁగా, లంకగ్రామమున బంధువులుగల యొక విద్యార్థి “మాస్టారూ, మా తాత దోనె నడిపినాఁడు. నాకు ఈఁత రాదు. మీ లెక్కన నేనేమిటండీ?” అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి, నేను నవ్వలేకపోయితిని. 1999లో నభయారణ్యమై, 2002లో రామ్సార్ పట్టికలోఁ జేరి, 2006లోఁ జేఁపలచెఱువుల గట్లు కొట్టివేయఁబడిన సరస్సది. దానినే నమ్ముకొన్న కుటుంబముల బ్రదుకు ఒక్క పురుషాంతరములో నెన్ని త్రోవలు ద్రొక్కినదో! నేను పాత్రను వ్రాయుచుంటి ననుకొంటిని, వ్రాసినది పుట్టుక.

మన వీరగాథ యీ విషయమున నాకంటె వివేకము గలది. పల్నాటి వీరచరిత్రమున బాలచంద్రుని సహచరులలో బ్రాహ్మణుఁడైన అనపోతు కలఁడు, పలుకులముల యువకులు గలరు. బ్రహ్మనాయని చాపకూడు జగద్విదితము. ఆయన పక్షమున సేనానాయకుఁడు కన్నమదాసు. పేళ్లతోఁ గులము వినవచ్చును. పౌరుషము దానిననుసరించి పంచిపెట్టఁబడలేదు. ఒక జట్టుగాఁ గూడి సాహసమునకుఁ బోవు పాత్రలకు నింతకంటె మేలైన యొరవడి మన భాషలో నాకుఁ గనఁబడదు.

కావున ముసాయిదాను జింపి, పుట్టుకను విడిచి యొక క్రియను బట్టుకొంటిని. కొల్లేటికోటను గూర్చి యొక యైతిహ్యము కలదు. లాంగూలగజపతి కోటను బట్టుకొనుటకై శత్రువులు చిగురుకోటకడ విడిసి, సరస్సు నీరు తీయుటకు నుప్పుటేటిని ద్రవ్వింప మొదలిడిరఁట. కార్యసిద్ధికై యొక సేనాని కన్నకూఁతునే బలి యిచ్చెనఁట. ఆ కాలువకుఁ బేరంటాలకనుమ యని పేరు. ఇందు దోనెకాఁడు లేఁడు. నీటి మట్టమును మార్చువాఁడు కలఁడు. వానికిఁ గనుమకాఁడని పేరిడితిని.

వనచరుని శాఖలు 3, 7, 11, 15 మెట్లయందు ఫలించును. మూఁడవ మెట్టునఁ గనుమకాఁడు గడ వైచి లోఁతు కొలిచి, యా నీటిని గూర్చి సూత్రధారు నొక్క ప్రశ్న యడుగవచ్చును. ఏడవ మెట్టున నీటిని మోఁకాలిలోఁతు పెంపవచ్చును, తగ్గింపవచ్చును. అది మిత్రునకు శత్రువునకు నొక్కతీరుననే తగులును. తనవారి దోనె నిసుకఁ దిగఁబడునేమో యాలోచించుకొనవలెను. మునుపటి ముసాయిదాలో లేని నిర్ణయ మిదియే.

పదునొకండవ మెట్టున మూల్యము పెట్టవలసివచ్చినది. మూల్యమును దప్పుచోటఁ బెట్టుట సులభము. 2014 గ్రంథమున మృగసహచరుఁడగు వనచరుఁడు తన మృగముచేఁ గొట్టింపవలెనన్నఁ దన వంతును వదలుకొనవలసియుండెను. తోడు దొరకినందులకుఁ దాను చేతులు ముడుచుకొని నిలువవలెనా యని యాటగాండ్రు గొణిగిరి. 2020లోఁ గాని యది చక్కఁబడలేదు. ఐతిహ్యము ననుసరించి 'కనుమకాఁడు తన బంధువు నొకని నర్పించి కాలువ ద్రవ్వును' అని వ్రాసితిని. వ్రాసి కొట్టివేసితిని. కథలో మూల్యమిచ్చినది సేనాని కాఁడు, వాని కూఁతురు. విజయమొకరిది, ప్రాణమొకరిది యైనచో నది మూల్యము గాదు. పాచికలాటలో నైనను నట్టి బేరమును బిల్లలచేత నాడింప నాకు మనసొప్పలేదు. ఇప్పుడు కనుమకాఁడు తా నెఱిఁగిన యొక త్రోవను మఱచును. త్రవ్విన కాలువ నిలుచును. ఆ త్రోవ మఱల వానికిఁ దెలియదు.

పదునైదవ మెట్టునకు నింకను నేమియు వ్రాయలేదు. ఈఁత రాని యా విద్యార్థి మాత్రము తన కీ పాత్రయే కావలెనని తీసికొనిపోయెను. తన కనుమకానికిని నీఁత రాదని పత్రముమీఁద వ్రాసికొన్నాఁడు. లోఁతు కొలుచువాఁడు నీట దిగవలెనని నియమ మెచ్చట నున్నదని వాని వాదము.