ఉప్పు ఒకరిది, పీఠం ఒకరిది

ఆఫ్రికాలోని కాంగో రాజ్యంలో బాప్తిస్మం పొందడాన్ని ‘ఉప్పు తినడం’ అనేవారు. కతోలిక గురువు నాలుక మీద పెట్టే ఉప్పు రవ్వ, తల మీద పోసే నీళ్లకన్నా ఎక్కువగా వాళ్ల మనసుకు పట్టింది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం దాటి మరైగూడ వైపు, ఉప్పు విలువ తెలిసిన బస్తర్ అడవి సంతల మధ్య ఈ మాట వింటే వింతగా ఏమీ తోచదు.

కాంగోలో మతం మొదట రాజుగారి ఇంట్లోకి వచ్చింది. 1491లో రాజు న్‌జింగా అ న్‌కూవు జ్ఞానస్నానం పొందాడు. ఆయన కొడుకు అఫొన్సో క్రైస్తవాన్ని రాజ్యానికే దూలంగా నిలబెట్టాడు. మనవడు హెన్రికె 1518లో ఏకంగా బిషప్ అయ్యాడు. కాకపోతే పేరుకు యుటికా బిషప్, సొంత గడ్డ మీద పీఠం లేదు. 1596లో సావో సాల్వదోర్‌లో పీఠం వెలిసినా, దాని మీద ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చేది పోర్చుగల్ కిరీటమే. గురువులు చాలని ఊళ్లలో ప్రార్థనలు నేర్పింది స్థానిక ఉపదేశకులు, అదీ కికాంగోలో.

దుమ్ముగూడెం కథ అడ్డంగా తిరిగింది. ఇక్కడ రాజు లేడు, పేరులో తప్ప. గోదావరి మీద పడవదారి పనులు చూసే ఇంజనీరు హేగ్ 1860 ప్రాంతంలో మిషన్‌కు పునాది వేస్తే, ఆయన కింద పనిచేసిన వెంకటరామరాజు కోయల మధ్య బోధకుడయ్యాడు. తరవాత వచ్చిన జాన్ కెయిన్ లూకా సువార్తను కోయలోకి తెచ్చాడు. అయినా బడీ ఆరాధనా ఎక్కువగా తెలుగులోనే సాగాయి. 1912లో అజరయ్య దోర్నకల్ పీఠానికి అధ్యక్షుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

చరిత్రకారులు ఇక్కడే చప్పట్లు కొడతారు. నాకు చేతులు లేవవు. అజరయ్య తిరునల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగువాళ్లకు తమవాడయ్యాడు. కోయకు ఆ తెలుగు కూడా సంతభాషే. దోర్నకల్‌లో ‘మనవాడు’ అన్న మాట మరైగూడ చేరేసరికి పల్చబడుతుంది. కాంగోలో తలకిందులు: పీఠం చివరిదాకా పరాయిదే, నమ్మకం మాత్రం ఇంటిభాషలో మాట్లాడింది. ఎంతగా అంటే, కింపా వీటా అనే యువతి క్రీస్తు పుట్టింది సావో సాల్వదోర్‌లోనేనని చాటింది.

1706లో ఆమెను కాల్చి చంపారు. ఇటలీ నుంచి వచ్చిన కపుచిన్ సన్యాసులు పట్టుబట్టిన మాట నిజమే. శిక్ష వేసిన కాంగో పెద్దలు మాత్రం ఆమెతో పాటు ఆ ఉప్పు తిన్నవాళ్లే.