సాగర్ లెక్క చదవడం

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్నటి చలికాలంలో ఆల్ప్స్ కొండలకు స్కీయింగ్‌కు పోతూ, జర్మన్‌లో ఉన్న మంచు రిపోర్టు ఫోన్‌లో పంపాడు. ‘‘బెర్గ్ అంటే కొండ మీద, టాల్ అంటే కింద లోయలో మామా. రెండు చోట్లా మంచు లోతు వేరు. నొయ్‌ష్నే అంటే కొత్తగా పడిన మంచు. పై అంకె ఒక్కటే చూసి పోతే కింద బురద తొక్కాలి’’ అన్నాడు. నాకు కోదాడ దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది మా పొలం గుర్తొచ్చింది.

వానాకాలం వస్తే పేపర్ విప్పగానే నాన్న చూపు ప్రాజెక్టుల నీటిమట్టం మీదికే పోయేది. అడుగులు, టీఎంసీలు, ఇన్‌ఫ్లో, క్యూసెక్కులు. ఒక ఏడాది సాగర్‌లో 150 టీఎంసీలున్నాయని చదివి, సంబరంగా నారు పోశాడు. నారు ముదిరిపోయింది, కాలువ రాలేదు.

నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ 312 టీఎంసీలు. కనీస మట్టం 510 అడుగులు. ఆ మట్టం దగ్గర కూడా జలాశయంలో 131 టీఎంసీలకు పైగా ఉంటాయి, కానీ అవి సాగుకు లెక్కలోకి రావు. అంటే నాన్న చదివిన 150లో పొలాలకు పనికొచ్చేవి 19 కూడా లేవు. ఆ నీళ్లకే తాగునీరు, కుడి కాలువ, ఎడమ కాలువ అన్నీ ఎదురుచూడాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఎడమ కాలువను కట్టిందే 11,000 క్యూసెక్కులకు. నిండుగా పారితే రోజుకు దాదాపు ఒక టీఎంసీ పోతుంది. ఈ ఒక్క లెక్క తెలిసి ఉంటే నాన్న ఆ ఏడాది విత్తనం బస్తా విప్పేవాడు కాదు.

ఎక్కడి అంకె అన్నదీ చూడాలి. డ్యామ్ దగ్గర వదిలిన నీళ్లు మిర్యాలగూడకు ముందు అందుతాయి, కోదాడకు తర్వాత. వారబందీ పెట్టి వంతులవారీగా నీళ్లిస్తే చివరి తూముల కింద రైతు ఇంకా ఆగాలి. సూర్యాపేట చుట్టుపక్కల చాలా పొలాలకు సాగర్ నిండినా ఒరిగేది లేదు. వాళ్లు చూడాల్సింది మూసీ ప్రాజెక్టు 645 అడుగులకు ఎంత దగ్గరైందో, శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) రెండో దశ కాలువకు నీళ్లు వదిలారో లేదో.

వాన కబురుదీ ఇదే తీరు. వాతావరణ శాఖ భాషలో ‘భారీ’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటాలి, ‘అతి భారీ’ అంటే 115.6, ‘అత్యంత భారీ’ అంటే 204.5. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే నాలుగో వంతు కేంద్రాలకు మించదని. ఆ మాట విని మనకు కాదులే అనుకుంటాం. 2024 ఆగస్టు 31 రాత్రి ఆ చోటు కోదాడ, హుజూర్‌నగర్ అయింది. 20 సెంటీమీటర్లకు మించి కురిసింది. తెల్లారి నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. నీళ్ల కోసం ఎదురుచూసిన పొలాల మీదే ఇసుక మేట వేసింది.

పత్రికలవాళ్లు మొత్తం నిల్వ పక్కన వాడుకోదగ్గ నీళ్లెన్నో ఇంకో గడి వేస్తే ఎంతో మేలు. అది వచ్చేదాకా, నారు పోసే ముందు సాగర్ అంకెలోంచి 131 తీసేసి చదవండి.