మంత్రలోకంలో మందుగుండు

జానపద కథలోకి తుపాకి రావచ్చునా, రాకూడదా అన్న ప్రశ్న పైకి చూస్తే పిల్లకాయల తగాదాలాగే కనబడుతుంది. కాని కథ అధికారాన్ని ఎలా చూపిస్తుంది, శ్రమను ఎలా దాచిపెడుతుంది అన్న పెద్ద ప్రశ్న దీని అడుగున ఉంది. అందువల్ల ఈ విషయాన్ని విమర్శకు పెట్టడం అవసరమని నేను భావిస్తున్నాను.

సందర్భం ఇది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల కళాశాల విద్యార్థులు కొందరు బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఒక కథా క్రీడ ఆడుతున్నారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి, అది ఏమి చేస్తుందో నోటితో చెబుతారు. ఫలితాన్ని పాచిక తేలుస్తుంది. అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనేవారు 1974లో ప్రచురించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ఆటలకు మూలం. మన విద్యార్థులు గోదావరి లంకల వంటి లంకలతో ఒక రాజ్యం కల్పించుకున్నారు. అందులో మాంత్రికులున్నారు, నాగకన్యలున్నారు, కోట ఉంది. ఇప్పుడు వారిలో ఒకరు వత్తి తుపాకి కావాలన్నారు. తుపాకి వస్తే కథ అందం పోతుందని రెండో పక్షం అభ్యంతరపెట్టింది. రెండు పక్షాల వాదనా నేను విన్నాను. రెండిటిలోనూ లోపం ఉంది.

అభ్యంతరపక్షం కొత్తది కాదు. ఇటలీ కవి అరియోస్తో తన కావ్యానికి 1532లో వేసిన కూర్పులో ఒక దుష్టరాజు చేతికి తుపాకి ఇచ్చి, చివరకు వీరుడైన ఒర్లాండో చేత దాన్ని సముద్రంలో పారవేయించాడు. సెర్వాంటెస్ సృష్టించిన డాన్ క్విక్సోట్ కూడా ఫిరంగిని శపిస్తాడు. ఎందుకు? చిన్ననాటి నుంచి గుర్రమూ కత్తీ నేర్చుకునే తీరికా, వాటిని కొనే ఆస్తీ ఉన్న ప్రభువును, కొన్ని వారాల కవాతు నేర్చిన పేరులేని కూలిసిపాయి దూరం నుంచి కూల్చగలుగుతున్నాడు. ఆ ఏడుపు కళ కోసం కాదు, కులీనత కోసం.

మన విద్యార్థుల అభ్యంతరంలోనూ ఈ వాసన ఉంది. వారి మాంత్రికుడు వేలు చూపి అగ్నిగోళం విసిరి పదిమందిని బూడిద చేస్తే కథ చెడదట. ఒక పడవవాడు తుపాకి పేలిస్తే చెడుతుందట! అగ్నిగోళం ఒక్క వ్యక్తి తపశ్శక్తి. తుపాకి వెనుక కమ్మరి ఉన్నాడు, సురేకారం వండేవాడు ఉన్నాడు, గంధకం మోసిన ఓడ ఉంది, బొగ్గు కాల్చినవాడు ఉన్నాడు. తుపాకి రాగానే సమాజం మొత్తం కథలోకి రావలసి వస్తుంది. జానపదం బెదిరేది శబ్దానికి కాదు, ఈ జనానికి.

ఇక కావాలనేవారి సంగతి. వారు నియమ గ్రంథం తెరిచి తుపాకి చూపించారు. 2014 నాటి కూర్పులో అది ఐచ్ఛికం. 2024 కూర్పులో మామూలు ఆయుధాల పట్టికలోనే చేరింది. 2014 లెక్క ప్రకారం పొడవు కత్తి ధర 15 బంగారు నాణేలు, దెబ్బకు 8 ముఖాల పాచిక. తుపాకి ధర 500, దెబ్బకు 12 ముఖాల పాచిక. ఆ కూర్పులోనే నైపుణ్యం లేని కూలివాని రోజు వేతనం 2 వెండి నాణేలు; 10 వెండి ఒక బంగారం. అంటే ఒక తుపాకి ఖరీదు 2,500 రోజుల కూలి, దాదాపు ఏడేళ్ల బతుకు! పది గుండ్లు 3 బంగారు నాణేలు, అంటే పదిహేను రోజుల కూలి. ఈ లెక్క ఆ గ్రంథం ఎక్కడా వేసి చూపదు. దాని దృష్టిలో తుపాకి అంగడిలో దొరికే ఖరీదైన కత్తి మాత్రమే.

మరో విడ్డూరం చూడండి. ఈ ఆటలో ఒక వంతు ఆరు సెకన్లు. వంతుకొకసారి తుపాకి పేల్చవచ్చు. అంటే నిమిషానికి పది గుళ్లు. పద్దెనిమిదో శతాబ్దంలో బాగా తర్ఫీదైన సిపాయి, వత్తి తుపాకికంటే మెరుగైన చెకుముకి తుపాకితో, నిమిషానికి మూడుసార్లు పేలిస్తే గొప్ప. మందు పోయడం, గుండు వేయడం, కడ్డీతో దట్టించడం, రంజకం పెట్టడం — ఈ పనంతా మాయమైపోయింది. వానలో తడిసిన మందు ఊసే లేదు. 1757 జూన్ 23న ప్లాసీలో వర్షానికి నవాబు మందు తడిసింది, కంపెనీవారు తమ మందును కప్పుకుని కాపాడుకున్నారు. మన కోనసీమ ముసురులో తుపాకి మందు ఏమవుతుందో చెప్పడానికి చరిత్రకారుడు అక్కరలేదు, వంటచెరకు ఆరబెట్టుకునే ఇల్లాలు చాలు.

మందుగుండు కాలంలో అకిలీజ్ వంటి వీరుడికి తావుందా అని మార్క్సు 1857 నాటి రచనలో ప్రశ్న లేవదీశాడు. పురాణవీరుణ్ణి పుట్టించిన సామాజిక పరిస్థితులు పోతే అలాంటి కావ్యం మళ్లీ పుట్టదని ఆయన భావం. అది నిజమే. అయితే మందుగుండు మధ్య పుట్టిన వీరగాథ మరో రకంగా సాధ్యమని మన బొబ్బిలి కథ రుజువు చేసింది. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను పగలగొట్టాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే తాండ్ర పాపయ్య విజయరామరాజు డేరాలో చొరబడి ఆయన్ను పొడిచి చంపాడు. బుర్రకథకులు ఫిరంగిని దాచలేదు. దాచి ఉంటే పాపయ్య కత్తికి అంత బరువు వచ్చేది కాదు.

ఐనా ఆ గాథ కూడా ఒక విషయం చెప్పదు. బుస్సీ ఫిరంగికి మందు ఎక్కడిది? 1753లో సలాబత్ జంగ్ బుస్సీ సైన్యం ఖర్చు కోసం ఉత్తర సర్కారుల రాబడిని ఫ్రెంచివారికి రాసి ఇచ్చాడు. అందులో రాజమహేంద్రవరం సర్కారు ఒకటి. కోనసీమ ఆ సర్కారులోనిదే. ఇక్కడి రైతు చెల్లించిన శిస్తే ఆ సైన్యానికి జీతమూ మందూ అయింది. ఇంగ్లీషువారు కూడా మన అల్లవరం వైపున ఉన్న బెండమూర్లంకలోనూ, యానాం దగ్గరి ఇంజరంలోనూ కొఠీలు పెట్టారు. ఆ రెండిటినీ బుస్సీ 1757లోనే పట్టుకున్నాడు. వారు వచ్చింది నేతగాడి బట్ట కోసం. బట్టల మూట వెనుకనే తుపాకి వచ్చింది. ‘ఫిరంగి’ అన్న మాటలోనే పరంగివాడు కూర్చుని ఉన్నాడు.

ఇంతవరకు ఒప్పుకునే అభ్యుదయ మిత్రులు ఒక్కోసారి ఎదుటి అంచుకు జారతారు: ‘కత్తి ప్రభువుది, తుపాకి ప్రజలది; కాబట్టి తుపాకి ఇవ్వండి’ అంటారు. ఇది యాంత్రికమైన ఆలోచన. ఆయుధం గెలుపు దాన్ని తయారుచేసే ఉత్పత్తిశక్తిని బట్టి ఉంటుందని ఎంగెల్సు డూరింగు ఖండనలో వివరంగా వాదించాడు. మన అనుభవమూ అదే. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుంది. తుపాకి చేతికి వచ్చింది. తూటాలు చేసే కార్ఖానా రాలేదు. ఆ తిరుగుబాటు 1924 దాకా నిలిచిందంటే దాని బలం తుపాకిలో కంటే మన్యం జనంలో ఉందని గ్రహించాలి. అలాగే కత్తి అంతా ప్రభువుదే అనడమూ తప్పు. దసరాకు అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా కట్టి కర్రా కత్తీ తిప్పేవారు రాజకుమారులు కారు. ఆ విద్య వీధిజనం తరతరాలుగా నిలబెట్టుకున్నది.

కనుక విద్యార్థి మిత్రులకు నా సూచన ఇది. తుపాకిని రానివ్వండి; కాని ఒంటరిగా రానివ్వకండి. దెబ్బకు ఎన్ని ముఖాల పాచిక అన్న ప్రశ్నను చివరికి వదలండి. మందు ఎవరు చేస్తారు, సురేకారం ఏ ఊరి నుంచి వస్తుంది, దాని ఖరీదు ఏ రైతు శిస్తులో నుంచి చెల్లుతుంది, వానాకాలంలో అది ఎక్కడ దాచబడుతుంది — ఇవి ముందు తేల్చండి. కమ్మరికీ, పడవవాడికీ, శిస్తు వసూలు చేసే కరణానికీ కథలో మాటలివ్వండి. రాజు తుపాకులు కొన్ననాడు ఏ లంకలో పన్ను పెరిగిందో ఆటలో కనబడాలి. కూలివాళ్లు మందు బండిని ఆపితే కోట ఏమవుతుందో కూడా ఆటలో తేలాలి.

ఇది దిగుమతి వినోదం, దీనికి ఇంత చర్చ ఎందుకని కొందరు అనవచ్చు. మన యువకులు రాత్రులు మేలుకొని కలిసి కల్పించే లోకం ఏదైనా విమర్శకు తగినదే. ఆ లోకంలో ఆయుధాలు అంగట్లో ఊరికే మొలుస్తాయని అలవాటుపడిన బుద్ధి, బయటి లోకంలోనూ ఆయుధాల బేరం వెనుక ఎవరి చెమట ఉందో అడగడం మరిచిపోతుంది. అడగడం నేర్పే కథ, దానిలో మాంత్రికులున్నా నాగకన్యలున్నా, వాస్తవికమైన కథే.