రేసుకారులో శ్లేష

పింగళి సూరన రాఘవపాండవీయం రాస్తూ ఎంత అవస్థ పడి ఉంటాడో నాకు తెలుగు క్లాసులో అర్థం కాలేదు. మొన్న మా మేనల్లుడి బొమ్మకారు చేతికొచ్చాక తెలిసింది. పదహారో శతాబ్దపు ఆ కావ్యంలో పద్యాన్ని ఒకలా విడగొడితే రామకథ, ఇంకోలా విడగొడితే భారతకథ. రెండు కథల్లో దేనికీ అక్కరకు రాని మాట ఒక్కటి మిగిలినా కవి ఓడినట్టే. మావాడి చేతిలో ఉన్నది నీలి చారల వెండిరంగు పోర్షే. ఒకలా మడిస్తే కారు, విప్పితే నిటారుగా నిలబడే రోబో. పేరు మిరాజ్, అంటే ఎండమావి. 2023లో వచ్చిన 'ట్రాన్స్‌ఫార్మర్స్: రైజ్ ఆఫ్ ది బీస్ట్స్'లో నోవా అనే కుర్రాడు దొంగిలించబోయిన కారు ఇదే. తీరా లోపల కూర్చున్నాక కారే వాణ్ణి ఎత్తుకుపోతుంది. పోలీసులు వెంటపడితే తనలాంటి మాయకార్లను చూపించి తికమక పెడుతుంది.

అయితే మిరాజ్ సినిమా కోసం పుట్టినవాడు కాడు. ముందు బొమ్మ పుట్టింది, తర్వాతే పేరూ ప్రాణమూ. జపాన్‌లో తకారా సంస్థ 1980లో డయాక్లోన్ అనే బొమ్మల వరుస మొదలుపెట్టి, 1982 నుంచి అచ్చం రోడ్డు మీది కార్లలాగే 1:60 కొలతలో ఉండి రోబోలుగా మారేవాటిని అందులో చేర్చింది. అవి అప్పటికి వట్టి యంత్రాలు. నడపడానికి వేలెడంతైనా లేని డ్రైవరు బొమ్మలుండేవి, వాటి పాదాల్లో అయస్కాంతాలు. అమెరికాలోని హాస్‌బ్రో ఈ అచ్చులనే తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మినప్పుడు డ్రైవర్లను తీసేసింది. సీట్లు ఖాళీ అయ్యాయి, కారుకే మనసొచ్చింది. మార్వెల్ కామిక్స్‌లో పనిచేసే బాబ్ బుడియాన్‌స్కీ వాటిలో చాలావాటికి పేర్లు పెట్టి, గుణగణాలు రాశాడు. అలా ఒక నీలం తెలుపు ఫార్ములా వన్ కారు మిరాజ్ అయింది. యుద్ధమంటే మనసొప్పని, పాత భోగాల మీద బెంగపడే జమీందారు బిడ్డ లాంటి పాత్ర. న్యూయార్క్ వీధి కుర్రాడిలా వాగుతూనే ఉండే 2023 మిరాజ్‌కీ వీడికీ పేరు తప్ప చుట్టరికం లేదనిపిస్తుంది.

ఆ తొలి బొమ్మకు మూలం ఫ్రెంచి జట్టు లిజియే వారి జేఎస్11. 1979 సీజన్‌లో మొదటి రెండు రేసులు, అర్జెంటీనా, బ్రెజిల్, రెండూ జాక్ లఫీట్ ఈ కారుతోనే గెలిచాడు. అతని 26వ నంబరు బొమ్మ మీదా ఉంది. అసలు కారు మీద జితాన్ సిగరెట్ల ప్రకటన ఉండేది. బొమ్మ స్టిక్కరులో ఆ పేరుకు మొదటి అక్షరం 'జి' తీసి 'సి' పెట్టారు. పిల్లల బొమ్మకు సిగరెట్టు పేరేమిటని ఇప్పుడు ముక్కున వేలేసుకుంటాం గానీ, అచ్చం అసలు కారులా ఉండాలన్న పట్టుదల అంతదాకా వెళ్లింది మరి.

ఇక పనితనం సంగతి. మామూలు కారును రోబో చేయడంలో ఒక వెసులుబాటు ఉంది: డొల్ల. పైకప్పు కింద, బానెట్ కింద తలకాయ, చేతులు, పిడికిళ్లు దాచుకోవచ్చు. బానెట్ ఛాతీ అవుతుంది, తలుపులు వీపున రెక్కల్లా నిలుస్తాయి, చక్రాలు భుజాల దగ్గరో చీలమండల దగ్గరో సర్దుకుంటాయి. ఫార్ములా వన్ కారులో ఆ సుఖం లేదు. తలుపుల్లేవు, కప్పు లేదు, చక్రాలు బయటికే ఉంటాయి, ఒళ్లంతా ఎముకలగూడు. కందపద్యంలో శ్లేష చెప్పమన్నట్టు!

ఈ పనిలో ఉన్న సరంజామా కొంచెమే. ఒక్కవైపే మడతపడే పిన్ను కీలు, అన్నివైపులా తిరిగే బాల్ జాయింట్, ఒక పలకలో బుడిపె, దాని ఎదుటి పలకలో గుంట. బుడిపె గుంటలో టక్కుమని పడితేనే కారు కారులా బిగుస్తుంది. వెంట్రుకవాసి తేడా వస్తే బానెట్ పక్కన సందు కనిపిస్తుంది. రోబో అయ్యాక ఏ పనీ లేకుండా వేలాడే కారుముక్కల్ని అభిమానులు కిబుల్ అంటారు. మన ఛందస్సు భాషలో పాదపూరణానికి పడేసిన వ్యర్థపదాలు అవి. కిటికీల చిక్కు ఇంకోటి. అద్దం పారదర్శకంగా ఉండాలి కాబట్టి చాలాసార్లు కప్పునూ దాంతోపాటే పారదర్శక ప్లాస్టిక్‌తో పోసి, పైన కారు రంగు పూస్తారు. ఆ ప్లాస్టిక్ పెళుసు. దాంట్లోనే కీలు కూడా పెడితే, బలంగా తిప్పే పిల్లవాడి చేతిలో ఎన్నాళ్లుంటుంది?

2007లో నటులతో తీసిన సినిమాలు మొదలయ్యాక లెక్క తలకిందులైంది. అంతకుముందు బొమ్మను చూసి పాత్ర గీసేవారు, ఇప్పుడు తెర మీది రోబోను చూసి బొమ్మ చేయాలి. ఆ మొదటి సినిమాలో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ వాళ్లు కంప్యూటర్లో కట్టిన ఆప్టిమస్ ప్రైమ్‌కు 10,108 భాగాలు. అవి ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోయినా, నడుమ మాయమైనా కన్ను పట్టుకోలేదు. ప్లాస్టిక్కు ఆ వీలెక్కడ! అందుకే సినిమా బొమ్మల్లో దొంగ ఛాతీలు మొదలయ్యాయి. రోబో ఎదపై బానెట్‌లా కనిపించేది వేరే ముక్క, అసలు బానెట్ వీపు వెనకో కాళ్ల సందునో నక్కి ఉంటుంది. చూపులకు సినిమాలోలాగే ఉంటుంది, నిజమే. నాకు మాత్రం అది రెండు పద్యాలు పక్కపక్కన రాసి శ్లేష అన్నట్టుంటుంది.

2011 నాటి మూడో సినిమాలో మిరాజ్ ఎర్రటి ఫెరారీ 458 ఇటాలియా. తెర మీద వాణ్ణి డినో అన్నారు. ఆ వేషం నాకంతగా నచ్చలేదు. పోర్షేకి మాత్రం వంక పెట్టను. 911 కరేరా ఆర్ఎస్ 3.8 అనేది 1993లో రేసు బండికి అర్హత సంపాదించడం కోసం కొద్ది సంఖ్యలో తయారైన రోడ్డు కారు. అంటే అదీ ద్వ్యర్థే. నంబరు ప్లేటు ఉన్న రేసుకారు! కథాకాలం 1994కి సరిగ్గా సరిపోయింది కూడా.

మావాడి మిరాజ్‌ను మొదటిసారి కారు చేయడానికి నాకు అరగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు కాగితం మీది బొమ్మలు చూడాల్సొచ్చింది. వాడు టీవీ వైపే చూస్తూ నిమిషంలో చేసేశాడు. "బలం పెట్టకు మామయ్యా, అది వెళ్లే దారి దానికి తెలుసు" అన్నాడు. కానీ తిప్పీ తిప్పీ కుడి భుజం బాల్ జాయింట్ వదులైంది, చెయ్యెత్తితే వాలిపోతోంది. దానికో చిట్కా ఉంది. గుండును బయటికి లాగి, రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా పూసి, రాత్రంతా ఆరనివ్వాలి. తడిగా ఉండగా తొడిగితే అతుక్కుపోయి చెయ్యి కదలదు. మరునాడు పొద్దున భుజం బిగిసింది, మిరాజ్ చెయ్యెత్తి నిలబడ్డాడు. నెయిల్ పాలిష్ మా అక్కది. సీసా ఎందుకు సగమైందో ఆమెకింకా తెలియదు.